తేదీ లేని ఆదేశం

ఆ ఎండాకాలంలో నేను సొంత ఇంట్లో గదులకు తాళం వేయడం మొదలుపెట్టాను.

అంతకుముందు పదహారేళ్ళు ఆ అవసరం రాలేదు. కింద మేము, పైన మా మరిది, తోడికోడలు. మధ్యలో మెట్లకు ఒక తలుపుందన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఆఫీసు, ఊరికి నీళ్ళిచ్చే ఆఫీసు. పొద్దున ఒకే స్కూటరు మీద వెళ్ళి, సాయంత్రం ఒకే స్కూటరు మీద వచ్చేవారు. చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం మావారు ఆఫీసు కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఆ సాయంత్రం స్కూటరు మీద మా మరిది ఒక్కడే వచ్చాడు. దాని గురించి ఇంతకంటే రాయను.

ఆయన పని నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఊళ్ళో ఎనిమిది ట్యాంకులు, ఐదు పంపులు. ఏ ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయో అక్కడి మీటరు కబురు పంపుతుంది. ఏ పంపు తిరగాలో, ఏది ఆగాలో ఆఫీసు కబురు పంపుతుంది. ఈ కబుర్లన్నీ అందుకుని ఎవరివి వారికి చేర్చే సాఫ్ట్‌వేరు ఒకటి మధ్యలో ఉంటుంది. దాన్ని మెసేజ్ బ్రోకర్ అంటారట.

"మనవాళ్ళిద్దరూ బ్రోకరు దగ్గర పనిచేస్తారని బయట చెప్పకక్కా, స్థలాలు చూపించమని ఇంటికొస్తారు" అనేది మా తోడికోడలు.

మావారికి ఒక అలవాటుండేది. పంపుకు పంపే ప్రతి ఆదేశంలోనూ కారణం రాసి, కింద పేరు పెట్టేవారు. యంత్రానికి పేరెందుకని తమ్ముడు నవ్వితే, "రేపు చదివేవాడు మనిషే కదరా" అనేవారు. అయితే తేదీ వేసేవారు కాదు. ఉత్తరమైనా, చీటీ అయినా, మా ఇంటి గోడ మీద రాసుకున్న ఫోను నంబరైనా అంతే. పిల్లల సెలవు చీటీల్లో తేదీ లేకపోతే వెనక్కిచ్చే నేను పదహారేళ్ళు పోరాడి ఓడిపోయాను.

ఎండలు ముదురుతుండగా ఆఫీసు ఇంజనీరు మా ఇంటికి వచ్చాడు. మావారి పై అధికారి, మర్యాదస్తుడు, మాట్లాడే ముందు రెండుసార్లు గొంతు సవరించుకునే మనిషి.

"కంట్రోల్ రూముకి సార్ పేరు పెడదామనుకుంటున్నాం టీచర్ గారూ. ఎండలు తగ్గాక ఒక రాతిపలక బిగిస్తాం. దాని మీద మూడు వాక్యాలు చాలు. మీకంటే బాగా ఎవరు రాస్తారు?"

మొదటి వాక్యం ఆ సాయంత్రమే వచ్చింది. 'పనిలో ఏనాడూ ఏమరుపాటు ఎరుగని మనిషి.' మిగతా రెండింటి కోసం ఎదురుచూస్తూ ఉన్నాను.

మా బడి మెరక వీధుల్లో ఉంది. ఆ వైపు ట్యాంకుకు నీళ్ళెక్కించేది మూడో నంబరు పంపు. పరీక్షల మొదటి వారంలో వరసగా రెండు రోజులు బడి కుళాయిలో నీళ్ళు రాలేదు. పిల్లలు సీసాల అడుగున మిగిలినవి పంచుకున్నారు. రెండో రోజు సాయంత్రం ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. ఈసారి గొంతు మూడుసార్లు సవరించుకున్నాడు.

"పలక గురించి కాదండీ. మూడో పంపు ఆగింది. ఆపమని ఎవరో ఆదేశం పంపారు."

"ఎవరు?"

"కింద సార్ పేరుంది."

చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టినట్టు గుర్తు.

"ఆయన పోయి రెండు నెలలు దాటింది."

"అదే కదండీ. సార్ ఖాతా ఆ వారంలోనే కంప్యూటర్లోంచి తీసేశాం. మీ మరిదే తీశాడు, నేను పక్కనే ఉన్నాను. మరి ఇప్పుడు ఆయన పేరుతో ఎవరు పంపుతున్నట్టు?" గొంతు తగ్గించాడు. "సార్ పాస్‌వర్డు ఇంట్లో తెలిసినవాళ్ళు..."

"నాకు తెలియదు."

"మిమ్మల్ని అనడం లేదండీ" అంటూ ఆయన మా ఇంటి పైకప్పు వైపు చూశాడు.

వెళ్ళేముందు గుమ్మంలో చెప్పిన మాట ఇది. మావారి స్థానం తనకిమ్మని మా మరిది అడిగాడట. ఎండలు తగ్గాక చూద్దామన్నాడట ఇంజనీరు. "నేను లేకపోతే నీళ్ళు రావని చూపించాలనుకుంటే, అంతకంటే తేలిక దారి ఏముందండీ? ఎందుకైనా మంచిదని ఇవాళ్టి నుంచి కంప్యూటరు ముట్టుకోవద్దని చెప్పాను."

అనుమానం వచ్చాక మనిషి నడక కూడా మారినట్టు కనిపిస్తుంది. అంతకుముందు నేను మా మరిదిని చూసేదాన్నే తప్ప గమనించేదాన్ని కాదు. ఇప్పుడు గమనించడం మొదలుపెట్టాను.

ఆ ఏడాది కరెంటు కోతలు పరీక్షల వారంలోనే మొదలయ్యాయి, రోజూ పోయేది. పోయినప్పుడు పైన ఏ చప్పుడూ ఉండేది కాదు. వచ్చిన మరుక్షణం, ఫ్యాను ఇంకా ఒక చుట్టు తిరగకముందే, మెట్ల మీద చెప్పుల చప్పుడు, వెంటనే స్కూటరు చప్పుడు.

"ఎక్కడికయ్యా ఈ ఎండలో?"

"ఇక్కడికే వదినా."

గంట తర్వాత చొక్కా తడిసి ముద్దయి, అరచేతులకు గ్రీజుతో వచ్చేవాడు. సబ్బు పెట్టి రుద్దుకుని, నా కళ్ళలోకి చూడకుండా పైకెళ్ళిపోయేవాడు. ఇదివరకైతే కింద ఆగి, ఏముంది వదినా తినడానికి అని డబ్బాలు వెతికేవాడు.

ఒక మధ్యాహ్నం పరీక్ష డ్యూటీ తొందరగా అయిపోయి ఇంటికొచ్చాను. మావారి గదిలోంచి మా మరిది బయటికి వస్తున్నాడు.

"అన్నయ్య స్క్రూడ్రైవరు కోసం వచ్చా వదినా."

"దొరికిందా?"

"లేదు" అన్నాడు. స్క్రూడ్రైవరు బల్ల మీదే, తలుపు తీయగానే కనిపించే చోట ఉంది.

అతను పైకెళ్ళాక మావారి నోటు పుస్తకాలు ఒక్కొక్కటి తిప్పాను. ఆఖరి పుస్తకంలో ఒక కాగితం లేదు. కుట్టు దగ్గర సన్నని చింపు మిగిలి ఉంది. పిల్లలు ప్రోగ్రెసు కార్డు దాచేటప్పుడు చింపే పద్ధతి నాకు తెలుసు. అది తొందరలో చింపింది కాదు, జాగ్రత్తగా చింపింది. ఆ రోజే ఆ గదికి తాళం వేశాను.

పంపు ఇలా పదేపదే ఆగుతుంటే పై ఆఫీసు ఒక అమ్మాయిని పంపింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో లోపాలు వెతకడమే ఆ అమ్మాయి ఉద్యోగం. ముప్పై ఏళ్ళుండవు, చేతిలో రెండు ఫోన్లు. మా ఇంటికి కూడా వచ్చింది.

"ఆవిడ కాఫీ కూడా వాసన చూసి తాగుతోందక్కా" అంది మా తోడికోడలు వంటింట్లో గుసగుసగా. ఆ వేసవిలో ఆమె నాతో నవ్వుతూ వేసిన ఆఖరి జోకు అదే.

"అనుమానపడడానికే నాకు జీతమిస్తారు టీచర్ గారూ, ఏమీ అనుకోవద్దు" అంది ఆ అమ్మాయి. "మొదట బయటివాళ్ళ పనేమో అనుకున్నాను. ఈ సాఫ్ట్‌వేరుతో పాటు అతిథి ఖాతా ఒకటి వస్తుంది. పేరూ అతిథే, పాస్‌వర్డూ అతిథే. పెట్టిన మొదటిరోజే తీసేయాలి. ఇక్కడ ఆరేళ్ళుగా అలాగే ఉంది."

"ఉంటే ఏమవుతుంది?"

"వీధి తలుపుకు తాళం వేసి, తాళంచెవి పక్కనే మేకుకు తగిలించినట్టు. దాన్ని తీసేశాను. ఎక్కడెక్కడి పంపుల కబుర్లో ఎవరైనా వినే వీలుంది, దాన్నీ మూశాను. పైగా కంట్రోలు పేజీ బయటి ఇంటర్నెట్టుకి తెరిచి ఉంది. సాఫ్ట్‌వేరు పెట్టిన కాంట్రాక్టరు అలా వదిలేసి పోయాడు."

"మావారు అన్నీ చూసుకునేవారు."

"చూసుకునే ఉంటారండీ" అంది. ఆ 'ఉంటారండీ' నాకు నచ్చలేదు.

"బయటి దారులన్నీ మూశాక కూడా నిన్న పంపు ఆగింది. అంటే లోపలివాళ్ళు. ఇంకో విచిత్రం చెప్పనా? పంపుకు ఆదేశం అందినట్టు ఉంది, ఎవరూ పంపినట్టు మాత్రం లేదు. ఎవరెప్పుడు లోపలికొచ్చారో రాసుకునే చిట్టా ఉంటుంది. అందులో ఆ రోజు ఎవరూ లేరు. కావాలని తుడిచేసినట్టున్నారు. తుడిచే అధికారం ఇద్దరికే ఉండేది."

"ఒకరు లేరు" అన్నాను నేను.

"అవునండీ. పంపు హౌసు వాచ్‌మన్ రిజిస్టరు చూశాను. పంపు ఆగిన ప్రతిసారీ పావుగంటలో మీ మరిది అక్కడున్నారు. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు." ఆ అమ్మాయి ఫోన్లు రెండూ బోర్లా పెట్టింది. "ఇంట్లో మీకేమైనా తేడాగా అనిపించిందా?"

నేను మాట తూచి మాట్లాడే మనిషినని బళ్ళో అందరూ అంటారు. అప్పుడూ తూచే మాట్లాడాను.

"మావారి పుస్తకంలోంచి ఒక కాగితం ఎవరో చింపారు. ఆ గదిలోంచి మా మరిది రావడం చూశాను."

రెండూ నిజాలే. రెంటినీ పక్కపక్కన పెట్టింది మాత్రం నేను.

మర్నాడే మా మరిదికి నోటీసు వచ్చింది. నాలుగు రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే ఉద్యోగంలోంచి తీసేసి పోలీసులకు రాస్తారు. పంపు హౌసు గేటు దాటి లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కు చెప్పారు. ఆ మధ్యాహ్నం కరెంటు వచ్చినప్పుడు మెట్ల మీద ఏ చప్పుడూ వినిపించలేదు. సాయంత్రానికి మెట్ల తలుపు పైవైపు నుంచి గడియ పడింది. ఆ మరునాడు బడి కుళాయి మళ్ళీ ఎండిపోయింది.

మూడో రోజు ఆదివారం. నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తోడికోడలు దిగి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వే చెప్పావటగా అక్కా, కాగితం సంగతి."

"అడిగారు. చెప్పాను."

"నన్నడిగితే నేనూ చెప్పేదాన్నేలే." నవ్వబోయి ఆపుకుంది. "ఆయన పైన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నోరు తెరిస్తే నాలుగు ముక్కల్లో తేలిపోతుంది. తెరవడు. తిట్టాను, ఏడ్చాను, అన్నం మానేశాను. మానేస్తే ఆయనే వండి పెట్టాడు. ఇక లాభం లేదని ఆయన పెట్టెలోంచి దొంగతనం చేసుకొచ్చా."

మడిచిన కాగితం పేపర్ల మీద పెట్టింది.

నోటు పుస్తకపు పేజీ అది. దాని మీద అచ్చు కాగితం ఒకటి అంటించి ఉంది. సాఫ్ట్‌వేరు తయారుచేసినవాళ్ళు పంపిన హెచ్చరిక. పైన అచ్చయిన తేదీ, ఆయన పోవడానికి మూడు వారాల ముందుది. రెండుసార్లు చదివితే అర్థమైంది. ఒక ఆదేశాన్ని 'నిలిపి ఉంచు' అని గుర్తుపెట్టి పంపితే బ్రోకరు దాన్ని దాచుకుంటుంది. కొత్తగా ఎవరు కలిసినా, తెగిపోయి మళ్ళీ కలిసినా, ముందుగా ఆ మాటే చెబుతుంది. లోపం ఏమిటంటే, పంపిన మనిషి ఖాతా తీసేసినా అతను నిలిపి ఉంచిన మాట చెరిగిపోదు. అడిగినవారికల్లా అందుతూనే ఉంటుంది. సరిచేసిన వెర్షన్‌లో, పంపినవారికి ఇప్పటికీ ఆ హక్కు ఉందో లేదో చూశాకే ఇస్తుంది. వెంటనే మార్చుకోండి, అని ఉంది.

దాని కింద మావారి చేతిరాత. 'ఎండలు తగ్గాక చేద్దాం. ఇప్పుడు ముట్టుకోవద్దు.' ఆ కింద పేరు. తేదీ లేదు.

అది వాళ్ళ ఆఫీసు ఆచారం. నీటి ఎద్దడి రోజుల్లో సాఫ్ట్‌వేరు మీద చెయ్యి వేయరు. ఏదైనా తేడా వస్తే ఊరంతా ఎండిపోతుందని భయం. ఆ ఆచారం పెట్టింది మావారే. చలికాలం ఇంకా పూర్తిగా పోకముందే ఆయన ఎండల సంగతి ఆలోచించారు.

మా బడిలో బదిలీ అయిన లెక్కల మాస్టారు వెళ్తూ వెళ్తూ బోర్డు మీద ఒక లెక్క వదిలేశాడు. సెలవుల తర్వాత వచ్చిన కొత్త పిల్లలు వారంపాటు అదే ఎక్కించుకున్నారు. హాజరుపట్టీలోంచి ఆయన పేరు కొట్టేశాం గాని, బోర్డు తుడవాలని ఎవరికీ తోచలేదు.

"అయితే పంపును ఆపుతున్నది..."

"బావగారే" అంది. "ఆయన పోయేముందు రోజు మూడో పంపు రిపేరుకని ఆపి, ఎవరూ తిప్పకుండా నిలిపి ఉంచమని పెట్టారట. తర్వాత మెకానిక్కు బాగుచేసి చేత్తో తిప్పేసిపోయాడు. మాట మాత్రం అలాగే ఉండిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పంపు అడగడం, అది ఆపమనడం."

"మీ ఆయనకి ఎప్పటినుంచి తెలుసు?"

"ఈ కాగితం దొరికిన రోజు నుంచి. అప్పటికే కంప్యూటరు ముట్టుకోవద్దన్నారుగా. ముట్టుకోనిస్తే నిమిషం పనట. చెబుదామంటే, ఈ హెచ్చరిక ఎవరికొచ్చింది, ఎవరు పక్కన పెట్టారు అని అడుగుతారు. ఎలాగూ ఎండలు తగ్గాక కొత్త వెర్షన్ వేస్తారు, దానంతటదే పోతుంది, ఈలోగా అన్నయ్య పేరు రాతి మీద చెక్కేస్తారు అన్నాడు. అందాకా కరెంటు వచ్చినప్పుడల్లా పరిగెత్తి చేత్తో తిప్పి వచ్చేవాడు." ఆమె గొంతు ఒక్కసారి మారింది. "ఎండలో పడి పరిగెత్తేవాడక్కా. నువ్వు చూశావుగా."

చూశాను.

"కాగితం బావగారిది, అంటే నీదే. చింపేస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం. ఏం చేశావో పైకి మాత్రం నువ్వే వచ్చి చెప్పు. నేను మొయ్యలేను." మెట్లెక్కుతూ వెనక్కి తిరిగింది. "నేను ఎత్తుకొచ్చానని మాత్రం ఆయనకి చెప్పకు. మళ్ళీ వంట మొదలుపెడతాడు."

పలక కోసం రాసుకున్న వాక్యం అదే బల్ల మీద, పేపరు వెయిటు కింద ఉంది. దాన్నీ, ఆ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరు అబద్ధం రాసినా దిద్దడం నా వృత్తి. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది.

మర్నాడు పొద్దున బడికి సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్ళాను. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. తనిఖీకి వచ్చిన అమ్మాయి పక్క కుర్చీలో కూర్చుని ఉంది. కాగితం ఇచ్చాను. చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత ఏదో టైపు చేసి, తెర మీద వచ్చింది చదివింది.

"పంపినవాడి కోసం వెతికాను" అంది చివరికి. "ఎప్పుడు పంపాడో వెతకలేదు. నాకు తట్టాల్సింది."

తెర నావైపు తిప్పింది. 'మూడో పంపు ఆపి ఉంచండి. బేరింగు బిగించేదాకా ఎవరూ తిప్పవద్దు. చెయ్యి నలుగుతుంది.' కింద ఆయన పేరు.

"టీచర్ గారూ, ఈ కాగితం నివేదికలో పెట్టాలి. పెడితే సార్ పేరు కూడా రాయాలి."

"రాయండి. దాన్ని దాచిందెవరో, ఎందుకో అది కూడా రాయండి."

ఇంజనీరు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "మరి ఆ పలక..." అని గొంతు సవరించుకున్నాడు.

"మూడు వాక్యాలు కుదరలేదండీ" అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. పలక మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

మా మరిదిని పిలిపించారు. గదిలోకి వస్తూనే బల్ల మీద కాగితాన్ని చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఎండలు మండిపోతుండగానే, ఆచారం పక్కన పెట్టి, రెండు గంటలు పంపులన్నీ ఆపి కొత్త వెర్షన్ వేశారు. ఆ అమ్మాయి ఒక్కొక్కటే పైకి చదువుతూ సరిచూసింది. అతిథి ఖాతా లేదు. బయటి దారి లేదు. పంపినవారి హక్కు చూశాకే పాత మాట ఇస్తుంది.

"ఇక ఇది ఎలాగూ ఎవరికీ అందదు. అయినా శుభ్రంగా తుడిచేద్దాం. ఖాళీ కబురు పంపితే పాతది పోతుంది" అంది. నావైపు తిరిగి, "మీకు ప్రింటు తీసివ్వమంటారా?"

"అక్కర్లేదమ్మా. చదివాను."

మా మరిది కీబోర్డు ముందు కూర్చున్నాడు. అన్న కుర్చీలో కాదు, పక్కదాంట్లో. వేలు మీట మీద పెట్టి అలాగే ఉండిపోయాడు.

"తుడిచెయ్యవయ్యా" అన్నాను.

తుడిచేశాడు. ఆ తర్వాత కొత్త ఆదేశం టైపు చేశాడు. 'మూడో పంపు బాగుంది. నడవవచ్చు.' కింద తన పేరు.

"తేదీ కూడా వెయ్యి."

వేశాడు. మెడ వెనక నుంచి చూస్తే అన్నదమ్ములిద్దరూ ఒకేలా ఉంటారు.

పరీక్ష కోసం మెయిన్ స్విచ్ దించి, మళ్ళీ ఎత్తారు. ఒకటో పంపు లేచింది. రెండోది లేచింది. మూడోది లేచి, అడగాల్సింది అడిగి, తిరగడం మొదలుపెట్టింది. అందరం నిలబడి విన్నాం. చాలాసేపు విన్నాం.

బయట స్కూటరు తీస్తూ, "దింపనా వదినా?" అన్నాడు. ఎన్ని రోజులకు ఆ మాట విన్నానో. ఇంతకుముందు అతను కూర్చునే వెనక సీట్లో కూర్చున్నాను. మెరక వీధుల మలుపులో ఒక కుళాయి విప్పి ఉండి ధారగా కారుతుంటే, బండి ఆపి, దిగి కట్టేసి వచ్చాడు.

ఇంటికి రాగానే మావారి గది తాళం తీశాను. తాళంచెవిని మెట్ల పక్కన, పైవాళ్ళకూ అందేట్టు, మేకుకు తగిలించాను. ఆ అమ్మాయి చూస్తే దాన్ని కూడా లోపాల జాబితాలో రాసేది.